ఊళ్ల పేర్ల లిస్టును పైథాన్‌లో అక్షరాలుగా విడగొట్టడం ఎలా?

కోనసీమలో బడి పిల్లల కోసం ఊళ్ల పేర్లతో అక్షరాల ఆట ఒకటి తయారు చేయాలనుకోండి. అమలాపురం, రాజోలు, ముక్తేశ్వరం లాంటి పేర్లు మీ దగ్గర ఒక లిస్టులో ఉన్నాయి. ఒక్కో పేరునూ అక్షరాలుగా విడగొట్టి, గళ్లలో పెట్టి, కలగలిపి ఇస్తే పిల్లలు మళ్లీ పేరు కూర్చాలి. ఇంగ్లీషు స్పెల్లింగులతో అయితే ఈ పని ఒక్క లైనులో అయిపోతుంది. తెలుగు పేర్ల మీద అదే లైను నడిపినా ఎర్రర్ ఏమీ రాదు. కానీ గళ్లు చూస్తే ఒక దాంట్లో ఉత్త కొమ్ము, ఇంకో దాంట్లో ఉత్త గుడి, మరో దాంట్లో పొల్లు గుర్తు ఒంటరిగా కూర్చుని ఉంటాయి. అక్షరాలు అప్పుడప్పుడే వస్తున్న పిల్లల చేతిలో అలాంటి ముక్కలు పెట్టకూడదు. అందుకని ముందు మామూలు పద్ధతి చూసి, తర్వాత తెలుగుకు సరిపోయేలా దాన్ని మార్చుకుందాం.

కోడ్ గురించి ఒక మాట. చదవడానికి వీలుగా పైథాన్ మాటలను కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఫర్, ఇన్, ఇఫ్, డెఫ్, లిస్ట్ లాంటివన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఊళ్లు, ఊరు, ముక్కలు లాంటి వేరియబుల్ పేర్లను, అంటే విలువలు దాచుకోవడానికి మనం పెట్టుకునే పేర్లను, మాత్రం తెలుగులోనే ఉంచుకోవచ్చు. పైథాన్ 3 వాటిని ఒప్పుకుంటుంది. పేరు అచ్చుతోనో హల్లుతోనో మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు, అంతే.

## సిద్ధం చేసుకోవడం

పైథాన్ 3 ఏ వెర్షనైనా సరిపోతుంది. 2008 డిసెంబరులో వచ్చిన 3.0 నుంచే స్ట్రింగులన్నీ (కొటేషన్ల మధ్య రాసే మాటలన్నీ) యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల గుర్తులకూ తలా ఒక నంబరు ఇచ్చే పద్ధతిలో, ఉంటున్నాయి. కంప్యూటర్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లో పైథాన్ నడిపించే గూగుల్ కొలాబ్ అనే సైటు తెరిచినా చాలు. నిజానికి తెలుగు పనికి బ్రౌజరే మేలు. విండోస్‌లోని పాత కమాండ్ ప్రాంప్ట్ ఒత్తుల్ని సరిగ్గా చూపించదు కాబట్టి, తప్పు కోడ్‌లో ఉందో తెర మీద ఉందో తేల్చుకోలేక అనవసరంగా టెన్షన్ పడాల్సి వస్తుంది.

లిస్టు ఇలా పెట్టుకోండి:

```
ఊళ్లు = ["అమలాపురం", "రాజోలు", "ముక్తేశ్వరం", "పాలకొల్లు",
         "నరసాపురం", "అంతర్వేది", "ద్రాక్షారామం", "భీమవరం"]
```

విడగొట్టే ముందే పేర్ల వర్ణక్రమం ఒకటి ఖాయం చేసుకోండి. నరసాపురం అని రాసేవాళ్లూ ఉన్నారు, నర్సాపురం అని రాసేవాళ్లూ ఉన్నారు. మనకు ఊరు ఒకటే అయినా కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు స్ట్రింగులు. అక్షరాల లెక్క కూడా మారిపోతుంది: మొదటిదానికి ఐదు, రెండోదానికి నాలుగు.

## ముందు ఒక్క పేరు

ఒక స్ట్రింగును ముక్కలు చేయడానికి లిస్ట్ అనే ఫంక్షన్ చాలు:

```
లిస్ట్("రాజోలు")
```

లిస్ట్ తనకు ఇచ్చిన దాంట్లోంచి ఒక్కొక్కటీ బయటికి తీసి వరసగా పేరుస్తుంది. స్ట్రింగు ఇస్తే అందులోని గుర్తుల్ని తీస్తుంది. స్ట్రింగుల లిస్టు ఇస్తే అందులోని స్ట్రింగుల్ని తీస్తుంది. ఈ తేడా పట్టుకోకుండా చాలామంది లిస్ట్(ఊళ్లు) అని కొట్టి, ఏమీ విడిపోలేదేమని చూస్తుంటారు. ఊళ్లు ముందే లిస్టు కాబట్టి దాని నకలు ఇంకోటి వచ్చింది, అంతే. విడగొట్టాల్సింది లిస్టును కాదు, అందులో ఉన్న ఒక్కో పేరును.

ఇంకో దారిలో వెళ్లేవాళ్లు స్ప్లిట్ వాడతారు. పేరు చూస్తే అదే సరైనదనిపిస్తుంది. కానీ స్ప్లిట్‌కు ఎక్కడ కొయ్యాలో చూపించే గుర్తు ఒకటి కావాలి. కామానో ఖాళీనో ఇస్తే అక్కడ కోస్తుంది. ఖాళీ కొటేషన్లు ఇస్తే వాల్యూ ఎర్రర్ ఇచ్చి, సెపరేటర్ ఖాళీగా ఉందని చెప్పి ఆగిపోతుంది.

## ఇప్పుడు లిస్టంతా

ఇక్కడ మీరు ఒకటి తేల్చుకోవాలి. ఏ ఊరి ముక్కలు ఆ ఊరి కింద ఉండాలా, అన్నీ ఒకే వరసలో కలిసిపోవాలా? కొబ్బరి గెలల్ని గెలలుగానే ఉంచడానికీ, కాయలన్నీ కోసి ఒకే రాశి పోయడానికీ ఉన్నంత తేడా ఇది. ఒకసారి రాశి పోశాక ఏ కాయ ఏ గెలదో చెప్పలేం.

గెలలుగా కావాలంటే:

```
[లిస్ట్(ఊరు) ఫర్ ఊరు ఇన్ ఊళ్లు]
```

రాశిగా కావాలంటే:

```
[గుర్తు ఫర్ ఊరు ఇన్ ఊళ్లు ఫర్ గుర్తు ఇన్ ఊరు]
```

రెండో దాన్ని ఎడమ నుంచి కుడికి చదవండి. ఊళ్లలో ఒక్కో ఊరు తీసుకో, ఆ ఊరి పేరులో ఒక్కో గుర్తు తీసుకో, ఆ గుర్తును పెట్టు. రెండు ఫర్‌లను మామూలు లూపులుగా ఒకదాని కింద ఒకటి రాస్తే ఏ వరస వస్తుందో ఇక్కడా అదే వరస. తారుమారు చేస్తే ఊరు అంటే ఏమిటో తెలియదని నేమ్ ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే మంచిదే. ప్రమాదమంతా కొలాబ్‌లో ఉంటుంది. అంతకుముందు కోడ్ రాసి నడిపిన ఏదో సెల్‌లో ఊరు అనే వేరియబుల్‌లో ఒక పేరు మిగిలి ఉంటే, ఎర్రర్ లేకుండానే ఆ పాత పేరు గుర్తులు పదే పదే వచ్చి పడతాయి. జవాబు వింతగా ఉంటే మొదట ఇక్కడే వెతకండి.

లూపుగా రాసుకోవడమే ఇష్టమైతే అదీ మంచిదే. అప్పుడు అపెండ్‌కూ ఎక్స్‌టెండ్‌కూ తేడా తెలిసి ఉండాలి. అన్నీ.అపెండ్("రాజోలు") అంటే పేరు మొత్తం ఒకే ముక్కగా లిస్టులో చేరుతుంది. అన్నీ.ఎక్స్‌టెండ్("రాజోలు") అంటే విడిపోయి చేరుతుంది. లిస్టు పక్కన కూడిక, సమానం గుర్తులు కలిపి స్ట్రింగు ఇచ్చినా ఎక్స్‌టెండ్ చేసినట్టే విడిపోతుంది. పేరు మొత్తం చేర్చాలనుకుని అలా రాసేసి, లిస్టు నిండా గుర్తులు చూసి తికమకపడటం మామూలే.

ముందు గెలలుగా చేసుకున్నదాన్ని తర్వాత రాశిగా మార్చాలంటే ఇటర్‌టూల్స్ మాడ్యూల్‌లో చైన్ ఉంది (మాడ్యూల్ అంటే అవసరమైనప్పుడు ఇంపోర్ట్ చేసుకునే ఫంక్షన్ల కట్ట). సమ్‌కు ఖాళీ లిస్టు ఇచ్చి కూడా కలపొచ్చు గానీ, అది ప్రతి కూడికకూ కొత్త లిస్టు కడుతుంది కాబట్టి పేర్లు పెరిగేకొద్దీ బాగా నెమ్మదిస్తుంది. ఎనిమిది ఊళ్లకు తెలియదు. మండలాల్లో ఉన్న ఊళ్లన్నీ పెడితే తెలుస్తుంది.

## జవాబు తెరిచి చూడండి

రాజోలును విడగొడితే వచ్చేది ఇది:

```
['ర', 'ా', 'జ', 'ో', 'ల', 'ు']
```

మన కంటికి మూడక్షరాలు: రా, జో, లు. పైథాన్ ఆరు ఇచ్చింది. ర ఒకటి, దీర్ఘం ఒకటి, జ ఒకటి, ఓత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి. పైథాన్ తప్పేమీ చేయలేదు. యూనికోడ్‌లో తెలుగును దాచే పద్ధతే అది. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, సున్నకు, పొల్లుకు తలా ఒక నంబరు ఉంటుంది. తెలుగుకు ఇచ్చిన చోటు 3072 నుంచి 3199 దాకా, మొత్తం 128 స్థానాలు. అందులో అ నంబరు 3077, క నంబరు 3093, పొల్లు నంబరు 3149. ఏ గుర్తు నంబరైనా ఆర్డ్ అనే ఫంక్షన్ చెబుతుంది. నంబరు ఇస్తే గుర్తును సీహెచ్‌ఆర్ అనే ఫంక్షన్ ఇస్తుంది. ఒక్కో నంబరుకు ఉన్న స్థానాన్ని కోడ్ పాయింట్ అంటారు. లిస్ట్ విడగొట్టేది ఈ కోడ్ పాయింట్లుగానే.

ఒత్తులు ఎలా దాచుకుంటుందో చూడటం ఇంకా ముఖ్యం. తెలుగు ఒత్తులకు యూనికోడ్‌లో విడిగా నంబర్లు లేవు. క్త రాయాలంటే క, దాని వెనక పొల్లు, దాని వెనక త. మూడూ వరసగా వస్తే ఫాంట్ వాటిని కలిపి కకు తవత్తు గీస్తుంది. అందుకే ముక్తేశ్వరం మనకు ము, క్తే, శ్వ, రం అని నాలుగక్షరాలైతే పైథాన్‌కు 11 గుర్తులు. పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం పేరులో ద్రా, క్షా, రా, మం అని అక్షరాలు నాలుగే. పైథాన్ లెక్కలో 12. మన ఎనిమిది ఊళ్ల పేర్లూ కలిపితే కోడ్ పాయింట్లు 69, అక్షరాలు 33. గళ్ల ఆటలో 69 గళ్లకు 30 గళ్లు అర్థం లేని గుర్తులతో నిండుతాయన్నమాట.

నష్టం గళ్లతో ఆగదు. మొదటి అక్షరం కోసం పేరు పక్కన [0] అని రాస్తే ద్రాక్షారామానికి ద్రా బదులు ద వస్తుంది. చివరి అక్షరం కోసం [-1] అంటే రాజోలుకు లు రాదు, ఉత్త కొమ్ము వస్తుంది. పేరును తిరగేస్తే ఇంకా అన్యాయం. రాజోలు తిరగబడి లుజోరా కావాలి. పైథాన్ గుర్తుల్ని తిరగేస్తుంది కాబట్టి కొమ్ము అన్నిటికంటే ముందుకొచ్చి ఒంటరిగా నిలబడుతుంది, జ మీద ఉండాల్సిన ఓత్వం ల మీదికి ఎక్కుతుంది, ర మీది దీర్ఘం జకు పోతుంది. తెర మీద లోజార అని, దాని ముందు అతుకులేని కొమ్ము అని కనిపిస్తుంది.

ఎటు నుంచి చదివినా ఒకటేలా ఉండే పదం అంటే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది వికటకవి. దాన్ని మామూలు పద్ధతిలో తిరగేసి పోల్చి చూడండి. రెండూ ఒకటి కాదంటుంది పైథాన్, ఎందుకంటే తిరగేసినప్పుడు గుడి వ కంటే ముందుకు వచ్చేసింది. మడమ, జలజ లాంటి పదాలకు మాత్రం ఒకటేనని సరిగ్గా చెబుతుంది, వాటిలో గుణింతపు గుర్తులు లేవు కాబట్టి. అంటే గుణింతం లేని పదాలతోనే పరీక్షించి కోడ్ బాగుందనుకునే ప్రమాదం ఉంది. మీ పరీక్ష పదాల్లో ఒత్తు ఉన్నది ఒకటి, సున్న ఉన్నది ఒకటి, పొల్లుతో ముగిసేది ఒకటి తప్పకుండా పెట్టుకోండి.

## మన అక్షరాలకు మన ఫంక్షన్

నియమం చాలా చిన్నది. బడిలో గుణింతం, ఒత్తులు నేర్చుకున్నవాళ్లకు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. గుర్తుల్ని ఒక్కొక్కటిగా చదువుతూ పొండి. వచ్చింది గుణింతపు గుర్తో, పొల్లో, సున్నో, విసర్గో అయితే దాన్ని వెనకటి అక్షరానికే అంటించండి. వచ్చింది హల్లు అయి, వెనకటి అక్షరం పొల్లుతో ముగిసి ఉంటే, ఇది దాని ఒత్తు కాబట్టి దాన్నీ అంటించండి. ఈ రెండూ కాకపోతే కొత్త అక్షరం మొదలైనట్టే.

```
డెఫ్ అక్షరాలుగా(పదం):
    ముక్కలు = []
    పొల్లు = సీహెచ్‌ఆర్(3149)
    ఫర్ గుర్తు ఇన్ పదం:
        నంబరు = ఆర్డ్(గుర్తు)
        గుణింతం = 3134 <= నంబరు <= 3158
        సున్న = 3073 <= నంబరు <= 3075
        విడదీసేది = నంబరు == 8204
        హల్లు = 3093 <= నంబరు <= 3129
        ఇఫ్ ముక్కలు అండ్ (గుణింతం ఆర్ సున్న ఆర్ విడదీసేది):
            ముక్కలు[-1] += గుర్తు
        ఎలిఫ్ ముక్కలు అండ్ హల్లు అండ్ ముక్కలు[-1][-1] == పొల్లు:
            ముక్కలు[-1] += గుర్తు
        ఎల్స్:
            ముక్కలు.అపెండ్(గుర్తు)
    రిటర్న్ ముక్కలు
```

నంబర్లు ఎందుకు వాడానంటే, ఉత్త పొల్లును కొటేషన్ల మధ్య టైప్ చేస్తే అది కొటేషన్ గుర్తుకే అతుక్కుని కనిపించీ కనిపించకుండా ఉంటుంది. నంబరైతే స్పష్టంగా ఉంటుంది. 3073 నుంచి 3075 దాకా అరసున్న, సున్న, విసర్గ. 3093 నుంచి 3129 దాకా క మొదలు హ వరకు హల్లులు, ళ, ఱ కూడా అందులోనే. 3134 నుంచి 3158 మధ్యలో దీర్ఘం మొదలు ఔత్వం దాకా గుణింతపు గుర్తులు, పొల్లు వస్తాయి. 8204 సంగతి కాసేపట్లో చెబుతాను.

ప్రతి షరతు ముందూ ముక్కలు అండ్ అని ఉంది, చూశారా? పదం మొదట్లోనే పొరపాటున ఉత్త గుర్తు వస్తే అంటించడానికి వెనక ఏమీ ఉండదు. అప్పుడు ముక్కలు[-1] ఇండెక్స్ ఎర్రర్ ఇస్తుంది. ఆ రెండు మాటలు దాన్ని ఆపుతాయి.

అంతర్వేదితో చేత్తో నడిపి చూడండి. అ కొత్తది. సున్న వచ్చింది, అకు అంటుకుని అం అయింది. త కొత్తది. ర కొత్తది. పొల్లు వచ్చింది, ర్ అయింది. వ హల్లు, వెనక పొల్లు ఉంది, కాబట్టి ర్వ. ఏత్వం అంటుకుని ర్వే. ద కొత్తది, గుడితో ది. మొత్తం అం, త, ర్వే, ది. గోదావరి పాయ వసిష్ఠ సముద్రంలో కలిసే ఊరి పేరు ఇప్పుడు సరిగ్గా నాలుగు గళ్లలో కూర్చుంటుంది.

లిస్టంతటికీ ఇందాకటి రెండు రూపాలే. లిస్ట్(ఊరు) ఉన్నచోట అక్షరాలుగా(ఊరు) పెట్టండి:

```
[అక్షరాలుగా(ఊరు) ఫర్ ఊరు ఇన్ ఊళ్లు]
[అక్షరం ఫర్ ఊరు ఇన్ ఊళ్లు ఫర్ అక్షరం ఇన్ అక్షరాలుగా(ఊరు)]
```

ఫంక్షన్ ఏదైనా గుర్తును పారేసిందేమో చూడటానికి మంచి పరీక్ష ఒకటుంది. ముక్కల్ని మళ్లీ అతికిస్తే అసలు పేరే రావాలి:

```
ఆల్("".జాయిన్(అక్షరాలుగా(ఊరు)) == ఊరు ఫర్ ఊరు ఇన్ ఊళ్లు)
```

ట్రూ రాకపోతే ముందుకు వెళ్లకండి.

## కంటికి కనపడని 8204

బస్‌స్టాండ్ అనో కెనాల్‌రోడ్ అనో ఫోన్‌లో టైప్ చేసినప్పుడు, రెండో పదం ఒత్తుగా మారకుండా పొల్లు పక్కన ఒక కనపడని గుర్తు పడుతుంది. దాని నంబరే 8204. తెర మీద అది కనపడదు, కానీ పొడవు లెక్కలో ఒకటిగా చేరుతుంది. ఒకే పేరు రెండుసార్లు రాసి, ఒకదాంట్లో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే, పోల్చినప్పుడు రెండూ వేరని పైథాన్ చెబుతుంది.

దాన్ని చూడగానే ముందే తీసేయాలనిపిస్తుంది. అలా చేయకండి. కెనాల్‌రోడ్‌లో దాన్ని ముందే తీసేస్తే ల్ పక్కకు రో వచ్చి చేరి ల్రో అనే లేని అక్షరం పుడుతుంది. మన ఫంక్షన్ దాన్ని వెనకటి ముక్కకు అంటిస్తుంది. అప్పుడు ఆ ముక్క పొల్లుతో ముగియదు కాబట్టి రో విడిగా నిలుస్తుంది. విడగొట్టాక, అతికించి చూసే పరీక్ష కూడా అయ్యాక, ఒక్కో ముక్కలోంచి రీప్లేస్‌తో దాన్ని తీసేయండి. ముందు కోత, తర్వాత శుభ్రం.

ఇక పొల్లుతో ముగిసే ముక్కలు, అంటే ల్, డ్ లాంటివి, విడి గడిలో ఉండాలా, ముందు అక్షరంతో కలవాలా అనేది మీ ఆటను బట్టి ఉంటుంది. ఛందస్సు లెక్క అయితే పొల్లు ముందు అక్షరంతోనే పోతుంది, దాన్ని గురువు చేస్తుంది. పిల్లల గళ్ల ఆటకు విడిగా ఉంచడమే నాకు నచ్చుతుంది, పిల్లలు పలికి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది కాబట్టి.

## చుక్కలు, ఖాళీలు, ఫైళ్లు

లిస్టులో పి.గన్నవరం ఉంటే చుక్క కూడా ఒక ముక్కగా వస్తుంది. దాన్ని ఏరేయడానికి ఐస్‌ఆల్ఫా వాడతారు. ఇంగ్లీషు పేర్లకు అలవాటైన ఈ పద్ధతి తెలుగులో దెబ్బతీస్తుంది. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు పైథాన్ దృష్టిలో అక్షరాలు కావు. అందువల్ల పి, న్న, రం మూడింటికీ ఐస్‌ఆల్ఫా ఫాల్స్ అంటుంది. చుక్కతో పాటు అవీ ఎగిరిపోతాయి. ముక్క మొత్తాన్ని కాకుండా దాని మొదటి గుర్తును మాత్రమే అడగండి:

```
[ముక్క ఫర్ ముక్క ఇన్ అక్షరాలుగా("పి.గన్నవరం") ఇఫ్ ముక్క[0].ఐస్‌ఆల్ఫా()]
```

పి, గ, న్న, వ, రం మిగులుతాయి, చుక్క పోతుంది.

పేర్లు ఫైల్‌లో ఉంటే తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి) తప్పకుండా చెప్పండి, యూటీఎఫ్-8 అని. చెప్పకపోతే విండోస్‌లో చాలాసార్లు వేరే ఎన్‌కోడింగ్‌తో చదివి చెత్త చూపిస్తుంది, లేదా ఎర్రర్ ఇస్తుంది. నోట్‌ప్యాడ్‌లో దాచిన ఫైల్ అయితే మొదటి ఊరి ముందు కనపడని ముక్క ఒకటి అదనంగా రావచ్చు. యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే అది రాదు. ప్రతి లైను చివరా ఉండే కొత్త లైను గుర్తును స్ట్రిప్‌తో తీసేయండి.

ఫైల్ డీటీపీ షాపు నుంచి తెచ్చినదైతే ఒకసారి జాగ్రత్తగా చూడండి. యూనికోడ్ రాకముందు నుంచి ఉన్న ఫాంట్లలో కొట్టినదైతే, తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. దాన్ని ఎంత విడగొట్టినా తెలుగు రాదు. ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి.

ఐత్వంతో ఒక చిక్కు ఉంది. దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం ప్లస్ కింది గీత అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన ఫంక్షన్ రెండింటినీ సరిగ్గానే కోస్తుంది. పోల్చడం, లెక్కపెట్టడం ఉంటే మాత్రం ముందు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌ను ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో నడిపి అన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చుకోండి.

## సొంతంగా రాయకుండా దొరుకుతుందా

దొరుకుతుంది, కానీ వెర్షన్ చూసుకోవాలి. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రీజెక్స్ అనే లైబ్రరీలో, వెనక్కి వాలిన గీత పక్కన పెద్ద ఎక్స్ అక్షరం రాస్తే, మనిషి ఒక్కటిగా చూసే గుర్తుల గుంపును ఒకేసారి పట్టుకుంటుంది. పైథాన్‌తో వచ్చే ఆర్ఈ మాడ్యూల్‌లో ఈ సౌకర్యం లేదు. గుణింతాల వరకు ఇది ఎప్పటి నుంచో సరిగ్గా పనిచేస్తుంది. ఒత్తుల దగ్గర తేడా వస్తుంది. పాత యూనికోడ్ నియమం ప్రకారం పొల్లు దగ్గర గుంపు తెగిపోయేది, కాబట్టి స్త్రీ మూడు ముక్కలయ్యేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ లాంటి కొన్ని లిపుల కోసం ఒత్తక్షరాన్ని తెగకుండా ఉంచే నియమం చేర్చారు. మీ లైబ్రరీ దాన్ని అందుకుందో లేదో తెలుసుకోవడానికి ముక్తేశ్వరం ఇచ్చి చూడండి. నాలుగు వస్తే వాడుకోండి. ఆరు వస్తే పైన రాసుకున్న ఫంక్షనే వాడండి.

## ఆట తయారీ

కలగలపడానికి ర్యాండమ్ మాడ్యూల్‌లో షఫుల్ ఉంది. అది ఇచ్చిన లిస్టునే కలిపేస్తుంది, కొత్త లిస్టు తిరిగి ఇవ్వదు. జవాబును వేరియబుల్‌లో పట్టుకుంటే నన్ అని వస్తుంది. కాబట్టి ముందు ముక్కల్ని ఒక వేరియబుల్‌లో పెట్టి, షఫుల్ చేసి, మళ్లీ అదే వేరియబుల్‌ను వాడండి. రాజోలు లాంటి మూడక్షరాల పేరు కలిపినా ఒక్కోసారి మొదటి వరసలోనే ఉండిపోతుంది. అసలు పేరుతో పోల్చి, అదే వస్తే మళ్లీ కలపండి.

ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుంటే ఎన్ని అట్టముక్కలు కోయించాలో తెలుస్తుంది. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కౌంటర్‌కు రాశిగా చేసిన లిస్టు ఇవ్వండి. మన ఎనిమిది ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువగా రం నాలుగుసార్లు వస్తుంది. అమలాపురం, ముక్తేశ్వరం, నరసాపురం, భీమవరం నాలుగూ దాంతోనే ముగుస్తాయి. అదే కోడ్ పాయింట్లతో లెక్కపెడితే ర 9 సార్లు, ఉత్త దీర్ఘం 7 సార్లు, సున్న, పొల్లు ఆరేసి సార్లు వస్తాయి. ఆ లెక్కతో అట్టముక్కలు కోయిస్తే దేనికీ పనికిరావు.

ఇదే ఫంక్షన్‌తో ఊళ్ల పేర్ల అంత్యాక్షరి కూడా ఆడించొచ్చు. ఒక పేరు చివరి అక్షరంతో తర్వాతి పేరు మొదలవ్వాలి. అక్షరాలుగా(ఊరు)[-1] చివరి అక్షరం, అక్షరాలుగా(ఊరు)[0] మొదటి అక్షరం. ఇక్కడ రం ఒక ఇబ్బంది తెస్తుంది. డెల్టాలో పురం, వరం అని ముగిసే పేర్లు అడుగడుగునా ఉన్నాయి, రంతో మొదలయ్యే పేరు మాత్రం దొరకడం కష్టం. ఎగువన ఏజెన్సీలో రంపచోడవరం ఉంది గానీ, అదీ మళ్లీ రంతోనే ముగిసి పిల్లల్ని అక్కడే నిలబెడుతుంది. ఆట సాగాలంటే సున్ననీ గుణింతాన్నీ వదిలేసి, చివరి అక్షరంలోని మొదటి హల్లును మాత్రమే తీసుకునే నియమం పెట్టండి:

```
అక్షరాలుగా("అమలాపురం")[-1][0]
```

ర వస్తుంది. తర్వాతి పేరు మొదటి అక్షరాన్నీ ఇలాగే [0][0] అని తీసి పోల్చండి. అప్పుడు అమలాపురం తర్వాత పిల్లలు రాజోలు చెప్పొచ్చు, రావులపాలెం చెప్పొచ్చు.